చిన్న పాఠము – పెద్ద పని

మానవుడు పుట్టినది మొదలు గిట్టునంతవరకు విద్యార్థియే యని పెద్దలు చెప్పుదురు. ఆ మాటను మనము వేదికలపై వినుచుందుము, చప్పట్లు కొట్టుచుందుము, పరీక్షల తొందరలో మరచుచుందుము. కళాశాల వదలి ఉద్యోగమున చేరిన మరునాటినుండి చదువుతో పని తీరిపోవుననియే మనలో చాలమంది తలంపు. కాని అసలైన చదువు ఆనాడే మొదలగును. తరగతి గదిలో తప్పు చేసినచో మార్కులు పోవును. పనిలో తప్పు చేసినచో ఒకరి సొమ్ము పోవును, ఒకరి బండి చెడును, ఒక్కొక్కప్పుడు ఒక పసిబిడ్డ ప్రాణమునకే ముప్పు వచ్చును. కనుక పని చేయువానికి పని నడుమ చదువు ఎట్లు అందవలెనను ప్రశ్న చిన్నది కాదు.

ఈ ప్రశ్నకు నేడు లోకమంతట వినిపించుచున్న సమాధానము "మైక్రో లెర్నింగ్". దీనిని మనము తెలుగులో "చిన్న పాఠము" అనుకొందము. ఉద్యోగులను రెండు మూడు దినములు ఒక హాలులో కూర్చుండబెట్టి ఉపన్యాసములు వినిపించుటకు మారుగా, ఒకసారికి ఒకే విషయమును, ఐదు పది నిమిషములలో ముగియునట్లు, పనిచోటనే, చాలవరకు చేతిలోని ఫోనులోనే అందించుట దీని సారాంశము. ప్రైవేటు సంస్థలే కాదు, ప్రభుత్వములును ఈ దారి పట్టినవి. కేంద్ర మంత్రివర్గము 2020 సెప్టెంబరు 2న ఆమోదించిన "మిషన్ కర్మయోగి" పథకము క్రింద ప్రభుత్వోద్యోగుల కొరకు "ఐగాట్ కర్మయోగి" అను వేదిక ఏర్పడినది. ఉద్యోగి తన ఫోనులోనో కంప్యూటరులోనో పాఠము చూచి, ప్రశ్నలకు జవాబిచ్చి, ధ్రువపత్రము పొందవచ్చును.

మన రాష్ట్రమున 2020–21లో చేరిన విద్యార్థులనుండి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్ ఒక భాగమైనది. ఆ నిమిత్తము మేము ఏడుగురము, నలుగురు బాలురము, ముగ్గురు బాలికలము, నరసన్నపేటలోను చుట్టుప్రక్కల గ్రామములలోను కొన్ని పనిచోట్లకు వెళ్ళితిమి. మన నరసన్నపేట శ్రీకాకుళమునకు టెక్కలికి నడుమ జాతీయ రహదారి ప్రక్కన ఉన్న వర్తక కేంద్రమని చదువరులకు చెప్పవలసిన పని లేదు. పెండ్లి బట్టలకైనను, బంగారమునకైనను, బండి మరమ్మతుకైనను పల్లెలవారు ఇచ్చటికే వచ్చుదురు. ఇన్ని దుకాణములు ఇన్ని ఏండ్లుగా నడచుచున్నవన్నచో, ఇచ్చట ఎవరో ఎవరికో నిత్యము పని నేర్పుచున్నారన్నమాట. ఎట్లు నేర్పుచున్నారు? ఫోనులోని చిన్న పాఠమునకు, ఈ బజారులోని చిన్న పాఠమునకు భేదమేమి? ఇదియే మేము చూడగోరిన విషయము.

మొదట ఒక బట్టల దుకాణమున చూచినది చెప్పుదుము. కొత్తగా చేరిన కుర్రవానికి అమ్మకము వెంటనే అప్పగింపరు. "ఒరే, చూపించడం తరవాత. ముందు మడత నేర్చుకో" అని పెద్ద గుమాస్తా అనెను. వచ్చినవారు చూచి వదలిన చీరలను తిరిగి ఎప్పటివలె మడచి పెట్టుటయే మొదటి వారము పాఠము. మాకిది చాకిరీగా తోచినది. కాని ఆ మడతలోనే కుర్రవానికి నూలు ఏదో, పట్టు ఏదో, కలనేత ఏదో చేతికి తెలియుచున్నది. అంచు ఎటు వచ్చునో, కొంగు ఎచ్చట ముగియునో కంటికి తెలియుచున్నది. రెండవ పాఠము తానునుండి కొలిచి చించుట. మూడవది ధర గుర్తు. చాల దుకాణములలో కొన్న ధరను అంకెలలో వ్రాయక, ఒక పదములోని అక్షరములను అంకెలకు గుర్తులుగా పెట్టుకొని చీటీపై వ్రాయుదురు. కొనువానికి అది అక్షరము, అమ్మువానికి అది అంకె. పెద్ద గుమాస్తా ఆ పదమును ఒకసారి చెప్పి ఊరకుండెను. తరువాత రోజంతయు, బేరము లేని వేళలో, ఏదో ఒక చీర తీసి "ఇదెంతరా?" అని అడుగుచుండెను. కుర్రవాడు తడబడినచో తిట్టక, చెప్పి, గంట తరువాత అదే చీర తీసి మరల అడుగుచుండెను. నాలుగు దినములలో ఆ కుర్రవాడు చీటీ చూచిన వెంటనే చదువుచుండుట మేము కన్నులార చూచితిమి.

ఈ "ఇదెంతరా?" అను ప్రశ్నలో ఎంత శాస్త్రమున్నదో మాకు తరువాత తెలిసినది. హెర్మన్ ఎబింగ్‌హాస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1885లో జ్ఞాపకశక్తిపై ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన పరీక్షించినది ఇతరులను కాదు, తన్ను తానే. అర్థములేని అక్షరకూటములను కంఠస్థము చేసి, కొంత వ్యవధి తరువాత వానినే మరల నేర్చుకొనునపుడు తొలి శ్రమలో ఎంత ఆదా యగుచున్నదో లెక్కించెను. 20 నిమిషముల తరువాత ఆదా సుమారు 58 శాతము. గంట తరువాత 44. ఒక దినము తరువాత 34. నెల తరువాత 21. అనగా మరపు మొదటి గంటలోనే ఎక్కువగా దోచుకొని పోవును. తరువాత దాని వేగము తగ్గును. ఆయన కనుగొన్న మరియొక విషయము ఇంకను ముఖ్యమైనది. పండ్రెండు అక్షరకూటముల వరుసను ఒకే దినమున 68 మారులు వల్లించిన ఫలితము, మూడు దినములపై పంచి 38 మారులు వల్లించినందువలననే సిద్ధించినది. అదే శ్రమ ఎడమెడముగా చేసినచో ఎక్కువ నిలుచునని దీని భావము.

ఈ మర్మము మన పెద్దలకు తెలియనిది కాదు. మాలో కొందరు చిన్ననాడు మక్తబులో చదువుకొన్నవారు. ఖురాను కంఠస్థము చేయువారి దినచర్యలో మూడు భాగములుండును. సబక్ అనగా నాటి కొత్త పాఠము. సబ్కీ అనగా ఇటీవలి పాఠముల పునశ్చరణ. మంజిల్ అనగా ఏనాడో నేర్చిన భాగమును వంతులవారీగా మరల వినిపించుట. కొత్తది కొంచెము, పాతది అధికము. వినిపించునపుడు ఉస్తాదు ఎదుట కూర్చుండి తప్పును అక్కడికక్కడ దిద్దును. మాలో మరికొందరి ఇండ్లలో వేదము సంత చెప్పించుకొన్న తాతలు కలరు. గురువు ఒకమారు పలికినదానిని శిష్యుడు రెండుమార్లు పలుకుట, పిదప వల్లె వేయుట ఆ పద్ధతి. భాషలు వేరు, గ్రంథములు వేరు. బోధనలోని కీలకము ఒక్కటే. పాఠము చిన్నది, అడుగువాడు నిత్యము ఎదుట నుండును.

మా వాదము ఇచ్చటనే మొదలగుచున్నది. చిన్న పాఠము నిలుచుట అది చిన్నదగుటవలన కాదు. దానిని మరల అడుగువారు, చేతిని చూచి దిద్దువారు ఉండుటవలన. ఆ మనిషిని తీసివేసి పాఠమును మాత్రమే ముక్కలు చేసినచో మిగులునది ముక్కలే.

దీనికి నిదర్శనము ఒక మోటారు సైకిళ్ళ షెడ్డులో దొరికినది. 2020 ఏప్రిల్ 1న దేశమంతట బి.ఎస్. 6 అను కాలుష్య ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. ఆ ప్రమాణములకు తగినట్లు కొత్త ద్విచక్ర వాహనములలో కార్బొరేటరు పోయి, దాని స్థానమున ఇంధనమును లెక్కించి చిమ్ము యంత్రము, సెన్సారులు వచ్చినవి. అంతవరకు ఇంజను చప్పుడు చెవితో విని, కార్బొరేటరు మరను స్క్రూడ్రైవరుతో అర్ధచుట్టు త్రిప్పి సరిచేయుచుండిన మేస్త్రీల విద్య కొత్త బండ్లముందు ఆగిపోయినది. వారిని ఏ కళాశాలయు పిలిచి పాఠము చెప్పలేదు. వారు తమ ఫోనులలో వచ్చు చిన్న వీడియోలు చూచి, స్కానరు ఎట్లు తగిలింపవలెనో, హెచ్చరిక దీపము ఎన్నిమార్లు మిణుకుమన్నచో ఏమి లోపమో నేర్చుకొనిరి. ముప్పది ఏండ్ల అనుభవమున్న మేస్త్రీ తన కుమారుని ఈడువారు చేసిన వీడియో చూచి నేర్చుకొనుటకు సంకోచింపకపోవుట మమ్ము ముగ్ధులను చేసినది. చిన్న పాఠము గొప్పదనము ఇందు స్పష్టముగా కానవచ్చుచున్నది. అవసరమైన విషయము, అవసరమైన క్షణమున, ఖర్చులేకుండ అందినది.

అయినను ఆ మేస్త్రీయే మాతో ఇట్లనెను: "వీడియోలో బండి ఎప్పుడూ స్టార్టయిపోతాది బాబూ. మన షెడ్డులోనే అవ్వదు." మేము నవ్వితిమి గాని ఆ మాట మమ్ము వదలలేదు. వీడియో చూపినది ఒక లోపము, ఒక పరిహారము. షెడ్డుకు వచ్చిన బండిలో మూడు లోపములు కలిసియుండును. వానలో తడిసిన తీగ ఒకటి, కల్తీ పెట్రోలు ఒకటి, ఎవరో విప్పి సరిగా బిగింపని మర ఒకటి. అప్పుడు మేస్త్రీ తన చేతిక్రింద పనిచేయు యువకుని పిలిచి, "ముందు పెట్రోలు వస్తందో లేదో చూడు. తరవాత ప్లగ్గు ఇప్పు. దాని తరవాతే స్కానరు" అని వరుస చెప్పి, తాను ప్రక్కన నిలిచి, వాని చేయి చూచుచుండెను. పది-పదకొండు స్పానరుకు బదులు పన్నెండు-పదమూడు తీసినచో మాట్లాడకుండ చేతినుండి తీసుకొని సరియైనది పెట్టెను. ఆ చేతిలోని పాఠము ఏ ఫోనులోను లేదు.

అమెరికాలో రెండవ ప్రపంచ యుద్ధకాలమున కర్మాగారములకు అనుభవములేని లక్షలాది కొత్త పనివారు వచ్చినపుడు, వారికి త్వరగా పని నేర్పుటకు 1940 నుండి 1945 వరకు ఒక ప్రభుత్వ కార్యక్రమము నడచినది. దాని పేరు "ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ", అనగా పరిశ్రమ లోపలి శిక్షణ. అది నేరుగా పనివారికి గాక, పనివారిపై ఉండు మేస్త్రీలకు నేర్పినది. ఒక్కొక్కటి రెండేసి గంటల చొప్పున ఐదు సమావేశములు, మొత్తము పది గంటలు. పదహారు లక్షలకు పైగా ధ్రువపత్రములు పొందిరి. వారికి నేర్పినది నాలుగు మెట్లు. నేర్చువానిని సిద్ధపరచుట, పనిని చేసి చూపుట, వానిచేత చేయించి వివరము చెప్పించుట, పిదప అప్పుడప్పుడు వెళ్ళి చూచుచుండుట. పనివానికి పని రాలేదన్నచో లోపము నేర్పినవానిదే యని వారు తలచిరి. యుద్ధానంతరము జపానులోని పరిశ్రమలు ఈ పద్ధతిని శ్రద్ధగా స్వీకరించినవి. ఈ నాలుగు మెట్లలో ఫోను చక్కగా చేయగలిగినది రెండవది మాత్రమే. తక్కిన మూడింటికి మనిషి కావలెను. నరసన్నపేట షెడ్డులోని మేస్త్రీ ఆ పుస్తకములు చదివినవాడు కాడు, కాని నాలుగు మెట్లును ఎక్కించుచున్నాడు.

ఇక మా సోదరీమణులు ముగ్గురు వెళ్ళిన అంగన్‌వాడీ కేంద్రము సంగతి. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2న మన దేశమున మొదలైనది. అంగన్‌వాడీ కార్యకర్త పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. పిల్లల బరువు తూచవలెను, గర్భిణులకు బాలింతలకు ఆహారము అందింపవలెను, ఇంటింటికి వెళ్ళి సలహా చెప్పవలెను, 2021 మార్చినుండి ఆ వివరములన్నియు "పోషణ్ ట్రాకర్" అను ఫోను యాప్‌లో ఎక్కింపవలెను. ఇంత పనికి వలసిన జ్ఞానమును ఎట్లు ఇచ్చుట? దీనికి 2018 మార్చి 8న ప్రారంభమైన "పోషణ్ అభియాన్" లో ఒక మార్గము అవలంబింపబడినది. "కొంచెము కొంచెముగా నేర్చుకొనుట" అని దానికి అర్థము వచ్చు ఆంగ్లనామము పెట్టిరి. మొత్తము విషయమును 21 పాఠములుగా విభజించిరి. ఒకదానిలో ఇండ్ల సందర్శనము, ఒకదానిలో బలహీనమైన నవజాత శిశువును గుర్తించుట, ఒకదానిలో ఆరు నెలలు నిండిన బిడ్డకు అనుబంధాహారము, ఒకదానిలో స్త్రీలలో రక్తహీనత నివారణ, ఈ విధముగా. రాష్ట్రమునుండి జిల్లాకు, అచ్చటనుండి క్రింది స్థాయికి వచ్చి, కడపట కార్యకర్తలు కలుసుకొను నెలవారీ సెక్టారు సమావేశమున ఆ పాఠము చేరుట దాని ఏర్పాటు.

ఆ దినములను తలచుకొని ఒక కార్యకర్త మావారితో చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాయుచున్నాము: "అన్ని పాఠాలూ ఒక్కపాలే చెప్పీసుంటే సాయంత్రం బస్సెక్కీసరికి అన్నీ కలిసిపోయుండేవి అమ్మా. నెలకొకటి కాబట్టి ఉండింది. పాఠం కన్నా మేలేటంటే, మళ్ళీ మీటింగుకెళ్ళినప్పుడు మేడమ్‌గారు అడిగేవారు. ఎన్నిళ్ళకెళ్ళావు, పిల్లని చూశావా, పాలు సరిగ్గా తాగతందా అని. చెప్పకపోతే నలుగురిలో సిగ్గు కదా. అందుకే వెళ్ళీవాళ్ళం, అందుకే గుర్తుండిపోయింది."

రెండున్నర కిలోల కంటె తక్కువ బరువుతో పుట్టిన శిశువును తక్కువ బరువు శిశువుగా లెక్కింతురు. అట్టి బిడ్డ పాలు పీల్చుటలో బలహీనముగా ఉన్నచో వెంటనే గుర్తింపవలెను. తల్లి రొమ్మునకు చేర్చి వెచ్చదనము తగ్గకుండ చూడవలెను, తల్లిపాలు తప్ప వేరేమియు పట్టింపరాదు, తొందరపడి స్నానము చేయింపరాదు. ఇది ఐదు నిమిషములలో చెప్పదగిన పాఠమే. కాని ఆ ఇంట్లో తేనె నాకించుటకు సిద్ధముగా ఉన్న అమ్మమ్మను నొప్పింపకుండ ఒప్పించుట ఐదు నిమిషముల పాఠము కాదు. మా సోదరీమణులతో వెళ్ళిన కార్యకర్త ఆ ముసలమ్మను "పిన్నీ" అని పిలిచి, మొదట ఆమె మోకాళ్ళ నొప్పి సంగతి అడిగి, తరువాత బిడ్డ సంగతి ఎత్తినదట. ఈ నేర్పును ఆమె మరియొక అనుభవజ్ఞురాలైన కార్యకర్త వెంట నడచి నేర్చుకొన్నదట. చిన్న పాఠము విషయమును అందించినది. ఆ విషయమును ఇంటిలోనికి తీసికొనిపోవు త్రోవను మనిషి చూపినది.

ఇందుకు భిన్నమైన దృశ్యమును కూడ మేము చూడకపోలేదు. మాలో ఇద్దరు వెళ్ళిన ఒక కార్యాలయమున (దాని పేరు ఇచ్చట అప్రస్తుతము) ఉద్యోగులు నెలాఖరులోగా ఫోనులో కొన్ని పాఠములు పూర్తిచేయవలెనని ఉత్తరువు. పగలంతయు జనము, ఫైళ్ళు. పాఠములు చూచుటకు పనివేళలో క్షణము లేదు. కనుక రాత్రి ఇంటివద్ద, అన్నము ఉడుకుచుండగా, ఫోనును గోడకు ఆనించి, వీడియో దానంతట అది నడచునట్లు వదలుచున్నారు. కడపటి ప్రశ్నలకు జవాబులు ఒకరినుండి ఒకరికి అందుచున్నవి. నెలాఖరుకు అందరి పాఠములు నూటికి నూరుపాళ్ళు పూర్తి. ధ్రువపత్రములు వచ్చినవి, పైవారికి లెక్క సరిపోయినది. మరి పాఠము? అదెవరును అడుగలేదు. ఆ ఉద్యోగులను నిందించుట న్యాయము కాదు. పనివేళను కేటాయింపక పాఠమును మాత్రము కేటాయించినచో ఆ చదువు వెల ఉద్యోగి నిద్రనుండియు, ముఖ్యముగా స్త్రీల విషయమున ఇంటి పని తీరిన పిదప మిగిలిన ఆ కొద్ది విశ్రాంతినుండియు వసూలగును. పాఠము చిన్నదే కదా యని ఆ వెలను ఎవరును లెక్కలోనికి తీసికొనుట లేదు.

దీనికి ఎదురుగా బట్టల దుకాణములో జరిగిన ఒక చిన్న సంగతిని చెప్పవలెను. 2025 సెప్టెంబరు 22న వస్తు సేవల పన్ను రేట్లు మారినవి. కుట్టిన దుస్తులపై అంతకుముందు ఒక్కొక్కటి 1,000 రూపాయల వరకు 5 శాతము, ఆపైన 12 శాతముగా ఉన్న పన్ను, 2,500 వరకు 5 శాతము, ఆపైన 18 శాతముగా మారినది. అది దసరా నవరాత్రులు మొదలైన దినము. దుకాణమునిండ జనము. తప్పు బిల్లు వేసినచో కొనువానికో, యజమానికో నష్టము. దుకాణమువారు గల్లాపెట్టె ప్రక్కన ఒక అట్టముక్కపై "2,500 వరకు 5, దాటితే 18" అని మూడు మాటలు వ్రాసి అంటించిరట. ప్రతి ఉదయము తలుపులు తీసిన పిదప, జనము రాకముందు, పది నిమిషములు పెద్ద గుమాస్తా ఒక్కొక్క చొక్కా ఎత్తి చూపి "దీనికెంత?" అని అడిగెనట. వారము దినములలో ఆ అట్టముక్కను చూచు అవసరమే తీరినదట. కంప్యూటరు లేదు, ధ్రువపత్రము లేదు. కాని పనివేళలో పది నిమిషములున్నవి. అడుగువాడున్నాడు. తప్పు చెప్పినచో దిద్దుట అక్కడనే జరిగినది.

పాత పద్ధతియే సర్వోత్తమమని మా అభిప్రాయము కాదు. పాత గురుత్వములో కఠినమైన లోపములున్నవి. నేర్పువాడు చేయి చూపును గాని కారణము చెప్పడు. కొందరు మేస్త్రీలు కడపటి కీలకమును దాచుకొందురు. జీతము లేకుండ ఏండ్ల తరబడి పనిచేయించుకొనుట, చిన్నతనముననే పిల్లలను పనిలో పెట్టుట, చేయిచేసికొనుట ఆ పద్ధతికి అంటిన మచ్చలు. పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుటను 2016 సవరణ చట్టము నిషేధించినది. 1961 నాటి అప్రెంటిస్ చట్టము పని నేర్చుకొను కాలమునకు భృతి ఇవ్వవలెనని విధించినది. ఇవి రావలసియే వచ్చినవి. షెడ్డు గడప త్రొక్కుటకు మా సోదరీమణులు ఈనాటికిని సంకోచింపవలసి వచ్చుచున్నది. ఫోనులోని పాఠము మాత్రము ఆడ మగ భేదము చూపదు, కులము అడుగదు, రహస్యము దాచదు. ఈ మేలును తక్కువ చేసి చెప్పుట తగదు.

చిన్న పాఠమునకు మరియొక పరిమితి కలదు. ముక్కలు నేర్చినవాని కంటి ఎదుట మొత్తము కనబడవలెను. మన జిల్లాలోని పొందూరు ఖద్దరును తలచుకొనుడు. అచ్చట కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుదురు. ఆ దవడలోని సన్నని పండ్లు పత్తిలోని నలుసులను తీసి పోగులను ఒక వరుసకు తెచ్చును. తరువాత గింజ తీయుట, ఏకుట, ఏకులు చుట్టుట, రాట్నముపై వడకుట. ప్రతి మెట్టును ఒక చిన్న పాఠమే. కాని తల్లి ప్రక్కన కూర్చుండి దువ్వుట నేర్చు అమ్మాయికి, ఆ పత్తి సాయంకాలమునకు నూలగుట కనబడుచున్నది, ఆ నూలు మగ్గముపైకి పోయి బట్టయగుట కనబడుచున్నది. దువ్వుట సరిగా లేనిచో వడకునపుడు పోగు తెగుట తానే చూచుచున్నది. ఎందుకు నేర్చుచున్నదో ఆమెకు ఎవరును చెప్పనక్కరలేదు. ఉద్యోగికి ఫోనులో ఒకనాడు ఒక ముక్క, మరియొకనాడు మరియొక ముక్క వచ్చి, ఆ ముక్కలు కలిసి ఏ బట్టయగునో తెలియనిచో వాడు ఆజ్ఞలు పాటించువాడగును గాని పని తెలిసినవాడు కాలేడు. ఆ మొత్తమును చూపునది పుస్తకము, తరగతి గది, దీర్ఘమైన చదువు. చిన్న పాఠము వచ్చినది కదా యని పెద్ద చదువును మానుకొనరాదు.

ఇంకొక మాట. బజారులో పని నేర్చినవారిలో చాలమంది మన తోటివారే. ఇంటరు తోనో, అంతకు ముందో చదువు మాని దుకాణములలో, షెడ్డులలో చేరిన మిత్రులు మాకు కలరు. వారికి వచ్చిన పని మాకు రాదు. కాని దానికి కాగితము లేదు. ముందే నేర్చిన పనిని పరీక్షించి గుర్తింపు పత్రమిచ్చు ఏర్పాటు 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో కలదు. మేము మాట్లాడినవారిలో ఒక్కరికిని ఆ సంగతి తెలియదు. ఒకచోట నేర్వకయే ధ్రువపత్రము, మరియొకచోట నేర్చియు ధ్రువపత్రము లేదు. ఈ రెండింటి నడుమనున్న అగాధమును పూడ్చుట చదువుకొన్నవారి బాధ్యతయని మేము నమ్ముచున్నాము.

కావున కళాశాల కార్యవర్గమువారికి మా మనవి రెండు మాటలలో విన్నవించుచున్నాము. వారమునకొక అరగంట ఈ పట్టణములోని పని తెలిసిన పెద్దలలో ఒకరిని, ఒకనాడు గుమాస్తాను, ఒకనాడు మేస్త్రీని, ఒకనాడు అంగన్‌వాడీ కార్యకర్తను, మా తరగతికి పిలిపింపుడు. ఉపన్యాసము వలదు. వారు చేసి చూపుదురు, మేము చేసి చూపుదుము, వారు దిద్దుదురు. అట్లే చదువు మాని పనిలో చేరిన మా మిత్రులకు సాయంకాలము ఒక గది తెరచి, బిల్లు వ్రాయుట, కంప్యూటరు, గుర్తింపు పత్రమునకు దరఖాస్తు వంటివి కొంచెము కొంచెముగా చెప్పుటకు అనుమతింపుడు. చెప్పుటకు మేమున్నాము. ఉర్దూ చదివినవారికి ఉర్దూలో, తెలుగు చదివినవారికి తెలుగులో చెప్పగలవారు మాలో కలరు.

తోటి విద్యార్థులారా, నాలుగేండ్లకో ఐదేండ్లకో మనలో కొందరము బ్యాంకులో, దుకాణములో, సచివాలయములో, సొంత వ్యాపారములో నలుగురిపై అధికారము గలవారమగుదుము. మన చేతిక్రింద పనిచేయువారికి పాఠములు పంపుట మనకు మిక్కిలి సులభము. ఒక బటను నొక్కినచో చాలును. ఆనాడు "పాఠము పూర్తయినదా?" అని అడుగవలదు. వారికి పనివేళలో పది నిమిషములిచ్చి, ప్రక్కన నిలిచి, "ఏదీ, చేసి చూపించు" అందము. రానిచో మరల చూపుదము. మరునాడు మరల అడుగుదము.